జాకీ–4తో 1,09,000 డాలర్ల కాల్: అనుమానం రేపిన పందేన్ని లెక్కగట్టి చూసే పద్ధతి

2022 సెప్టెంబరు 29న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, గార్డెనాలో హస్లర్ కాసినో లైవ్ అనే పోకర్ ప్రసారంలో జరిగిన ఒక చేయి (ఒకసారి ముక్కలు పంచి ఆడిన ఆట) పోకర్ ప్రపంచాన్ని రెండుగా చీల్చింది. గారెట్ అడెల్‌స్టీన్ ఆల్ ఇన్ అన్నారు. రాబీ జేడ్ లూ చేతిలో జత కూడా లేదు, డ్రా (ఇంకో ముక్క పడితే స్ట్రెయిట్ లేదా ఫ్లష్ పూర్తయ్యే చేయి) కూడా లేదు. జాకీయే ఆమె పెద్ద ముక్క. అయినా ఆమె 1,09,000 డాలర్లు కాల్ చేసి 2,69,000 డాలర్ల పాట్ గెలిచారు. మోసం జరిగిందన్న ఆరోపణలు వచ్చాయి. ఆమె 1,35,000 డాలర్లు గారెట్‌కు తిరిగి ఇచ్చారు. కొన్ని నెలల విచారణ తర్వాత, మోసం జరిగినట్టు ఆధారాలేవీ దొరకలేదని నిర్వాహకులు డిసెంబరులో ప్రకటించారు.

ఆ వివాదాన్ని ఇక్కడ మళ్లీ తవ్వడం లేదు. ఒక పందెం మంచిదా చెడ్డదా అని తేల్చడానికి ఏం లెక్కలు వేయాలి, ఏ వరుసలో వేయాలి అన్నదే విషయం. ఈ చేయి అందుకు చాలా అనువైనది, ఎందుకంటే ఇందులో ఎదుటివాళ్ల ముక్కలు చూశాక వచ్చే అభిప్రాయం ఒకటి, ముక్కలు చూడకుండా వేసిన లెక్క చెప్పేది ఇంకొకటి. నో లిమిట్ హోల్డెమ్ నియమాలు తెలిసిన వారిని ఉద్దేశించి రాస్తున్నాం.

కావాల్సినవి కాగితం, పెన్ను, చివర్లో సరిచూసుకోవడానికి ఈక్విల్యాబ్ లాంటి ఒక ఈక్విటీ (గెలిచే శాతం) కాలిక్యులేటర్. దీనికోసం ఎవరూ డబ్బు పెట్టి ఆడనక్కర్లేదు. డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టసవరణలతో నిషేధించాయి. 2025లో వచ్చిన కేంద్ర చట్టం ఆ నిషేధాన్ని దేశమంతటికీ వర్తింపజేసింది. విశ్లేషణకు ఆ చట్టాలు అడ్డు కావు.

మొదటి అంచె: చేతిని అంకెల్లో రాసుకోవడం

జ్ఞాపకం మీద ఆధారపడి మొదలుపెడితే పాట్ లెక్క తప్పుతుంది, అది తప్పితే తర్వాతివన్నీ తప్పుతాయి. కాబట్టి ముందు ముక్కలు, తర్వాత డబ్బు.

ఫ్లాప్: ఆఠీన్ 10, కళావర్ 10, కళావర్ 9.
టర్న్: ఆఠీన్ 3.
గారెట్ చేతిలో: కళావర్ 8, కళావర్ 7.
రాబీ చేతిలో: కళావర్ జాకీ, ఆఠీన్ 4.

ఫ్లాప్ మీద గారెట్ 2,500 డాలర్లు వేశారు, రాబీ కాల్ చేశారు. టర్న్ మీద గారెట్ 10,000 వేశారు. రాబీ దాన్ని 20,000కు, అంటే నియమం ఒప్పుకునే కనీస మొత్తానికి మాత్రమే రైజ్ చేశారు. గారెట్ ఆల్ ఇన్ అన్నారు. కాల్ చేయాలంటే రాబీ ఇంకా 1,09,000 పెట్టాలి.

ఇప్పుడు చివరి పాట్ నుంచి వెనక్కి రండి. టర్న్ మీద ఒక్కొక్కరు పెట్టింది 20,000 + 1,09,000 = 1,29,000. ఇద్దరిదీ కలిపి 2,58,000. దాన్ని 2,69,000లోంచి తీస్తే టర్న్ మొదట్లో పాట్ 11,000. అందులోంచి ఫ్లాప్ మీది 5,000 తీస్తే ఫ్లాప్ ముందు పాట్ 6,000. మామూలుగా ఎక్కడో ఒకచోట పొంతన కుదరదు. అలాంటప్పుడు ఆపి, ఎవరి పందెం తప్పుగా రాసుకున్నామో చూసుకోవాలి. ఇక్కడ కుదిరింది కాబట్టి ముందుకు వెళ్లొచ్చు.

పక్కనే ఇంకో అంకె రాసుకోండి: టర్న్ మొదట్లో పాట్ 11,000, వెనక ఉన్న డబ్బు 1,29,000. పాట్‌కు దాదాపు 12 రెట్లు. ఇంత లోతైన స్టాక్ ఉన్నప్పుడు చిన్న రైజ్ కూడా చాలా పెద్ద నిర్ణయానికి తలుపు తీస్తుంది.

రెండో అంచె: ఎవరికి ఏం తెలుసో విడగొట్టడం

ప్రసారం చూసేవాళ్లకు రెండు చేతులూ కనిపిస్తాయి. బల్ల దగ్గర ఉన్నవాళ్లకు తమవి మాత్రమే. ఈ తేడాను నోటితో ఒప్పుకోవడం తేలికే కానీ, లెక్క వేసేటప్పుడు పాటించడం కష్టం. అందుకని గారెట్ ముక్కలు రాసిన గీతను ఇక్కడ పెన్నుతో కొట్టేయండి. రాబీ నిర్ణయాన్ని తూచేటప్పుడు కళావర్ 8–7 అనేది గారెట్ దగ్గర ఉండగల అనేక చేతుల్లో ఒకటి మాత్రమే.

ఇంకో మాట. చేయి అయిన తర్వాత రాబీ తన దగ్గర జాకీ–3 ఉందనుకున్నానని చెప్పారు. అలా అయితే 3ల జత ఉన్నట్టు. ఆ మాటను నమ్మాలా వద్దా అన్నది లెక్కకు సంబంధం లేని ప్రశ్న. కానీ ఆ చేతికి కూడా విడిగా లెక్క వేయాలి. ఆటగాడు నిర్ణయం తీసుకునేది తన దగ్గర ఉందనుకున్న ముక్కలతోనే కదా. ఆ లెక్కకు తర్వాత వద్దాం.

మూడో అంచె: కాల్ ఖరీదు

కాల్ చేయడానికి పెట్టాల్సింది 1,09,000. కాల్ తర్వాత మొత్తం పాట్ 2,69,000. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి: 40.5 శాతం. అంటే రివర్ దాకా వెళ్లి నూటికి కనీసం 40.5 సార్లు గెలిచే చేయి అయితేనే కాల్ నష్టం లేకుండా బయటపడుతుంది.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. కాల్ చేయకముందు పాట్‌లో 1,60,000 ఉంది కాబట్టి 1,09,000ను దానితో భాగిస్తారు. 68 శాతం వస్తుంది, కాల్ అసాధ్యంలా కనిపిస్తుంది. మన డబ్బు కూడా పాట్‌లోకే వెళ్తుంది కాబట్టి హారంలో అదీ ఉండాలి. మరో తప్పు, రైజ్‌గా అప్పటికే పెట్టిన 20,000ను 'నాది' అనుకోవడం. పాట్‌లో పడిన డబ్బు ఎవరిదీ కాదు. 'ఇంత పెట్టాను కాబట్టి వదలలేను' అనే ఆలోచన ఆ 20,000ను రెండుసార్లు లెక్కపెడుతుంది.

నాలుగో అంచె: ఎదుటివారి చేతులన్నీ లెక్కపెట్టడం

అసలు పని ఇదే, ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. గారెట్ ఇలా ఫ్లాప్ మీద వేసి, టర్న్ మీద దాదాపు పాట్ అంత వేసి, కనీస రైజ్ మీద ఆల్ ఇన్ అనగల చేతులేవి? వాటిని కాంబోల్లో, అంటే ఆ చేతికి కుదిరే ముక్కల కలయికల్లో, లెక్కపెట్టాలి. మూల సూత్రం: ఏ ముక్కా తెలియనప్పుడు ఒక జతకు 6 కాంబోలు, ఒకే రంగు చేతికి 4, వేర్వేరు రంగుల చేతికి 12. బోర్డు మీద, మన చేతిలో ఉన్న ముక్కలను తీసేయగానే ఈ అంకెలు తగ్గుతాయి.

బలమైన చేతులతో మొదలుపెడదాం. మిగిలిన పదులు రెండే: డైమండ్, ఇస్పేట్.

పదుల జత 1.
తొమ్మిదుల జత 3 (మూడు తొమ్మిదులు మిగిలాయి).
మూడుల జత 3.
ఒకే రంగు 10–9, ఆసు–10, రాజు–10, రాణి–10, జాకీ–10, 10–8: ఒక్కోటీ 2 చొప్పున 12.
వేర్వేరు రంగుల ఆసు–10: 6.
మొత్తం 25.

తర్వాత డ్రాలు. ఇక్కడ బోర్డును జాగ్రత్తగా చూడాలి. 10, 10, 9, 3 మీద స్ట్రెయిట్ ఇంకా ఎవరికీ పూర్తి కాదు. ఫ్లష్ కూడా ఎవరికీ పూర్తి కాదు. కాబట్టి డ్రా ఉన్న చేతిలో పెద్ద ముక్క ఏదన్నదే ప్రస్తుతం ఎవరు ముందున్నారో తేలుస్తుంది. బోర్డు మీది పదుల జత అందరిదీ. రాబీ దగ్గర దానికి తోడు జాకీ. కాబట్టి డ్రాలన్నిటినీ ఒక్క గుంపుగా వేయకూడదు. జాకీని కొట్టేవి, జాకీ కొట్టేవి అని రెండుగా విడగొట్టాలి.

జాకీ కంటే ముందున్న డ్రాలు, అంటే పెద్ద డ్రాలు:
కళావర్ ఆసుతో ఇంకో కళావర్ (రాజు, రాణి, 8, 7, 6, 5, 4, 3, 2): 9.
కళావర్ రాజు–రాణి, రాజు–8, రాణి–8: 3.
కళావర్ కాని ఒకే రంగు రాణి–జాకీ: 3.
కళావర్ కాని ఒకే రంగు జాకీ–8: 3. ఇక్కడ రెండు పక్కలా జాకీయే ఉన్నా, ఐదో ముక్క దగ్గర 4 కంటే 8 పెద్దది.
మొత్తం 18.

జాకీ కంటే వెనకున్నవి, అంటే చిన్న డ్రాలు:
కళావర్ 8–7, 8–6, 7–6, 6–5: 4.
మిగతా మూడు రంగుల్లో ఒకే రంగు 8–7: 3.
మొత్తం 7.

25, 18, 7. కలిపితే 50 కాంబోలు. ఈ సమయంలో రాబీ చేయి ముందున్నది వీటిలో ఏడింటి మీదే. నూటికి 14.

ఈ జాబితా ఒక అంచనా. వేర్వేరు రంగుల ఆసు–10ను గారెట్ ఎప్పుడూ ఇలా ఆడరని ఒకరు అనొచ్చు. ఆఠీన్ 3 పడ్డాక ఆఠీన్ డ్రాలు కూడా పుట్టాయి, వాటిని ఎందుకు వదిలారని ఇంకొకరు అడగొచ్చు. రెండూ న్యాయమైన అభ్యంతరాలే. రెండోదానికి జవాబు తేలిక: ఆఠీన్ ఆసు, రాజు, రాణులతో వచ్చే డ్రాలను చేరిస్తే జాకీని కొట్టే చేతులే పెరుగుతాయి, మన లెక్క రాబీకి ఇంకా ప్రతికూలం అవుతుంది. మొదటి అభ్యంతరాన్ని ఏడో అంచెలో పరీక్షిద్దాం.

ఐదో అంచె: ఒక్కో గుంపు మీద గెలిచే అవకాశం

టర్న్ తర్వాత రావాల్సింది ఒక్క ముక్కే కాబట్టి ఇది చేత్తో వేయగల లెక్క. నాలుగు బోర్డు ముక్కలు, ఇద్దరి చేతుల్లోని నాలుగు తీస్తే మిగిలేవి 44.

బలమైన 25 చేతుల మీద: సున్నా. రివర్ మీద జాకీ వచ్చినా, 4 వచ్చినా రెండు జతలే అవుతాయి. ఎదుట మూడు పదులో, ఫుల్ హౌసో ఉంటుంది.

పెద్ద డ్రాల మీద: ఉదాహరణకు కళావర్ ఆసు–రాజు మీద రాబీని గెలిపించేవి మూడు జాకీలు, రెండు 4లు. కళావర్ 4 వస్తే ఎదుటివారికి ఫ్లష్ అవుతుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. 44లో 5, అంటే 11 శాతం చిల్లర. కళావర్ రాజు–రాణి మీద జాకీ కూడా పనికిరాదు, ఎందుకంటే ఆ జాకీతో ఎదుట స్ట్రెయిట్ పూర్తవుతుంది. అక్కడ మిగిలేవి రెండే. జాకీ–8 మీద గెలుపుల కంటే సమంగా పంచుకోవడాలు ఎక్కువ, వాటిని సగంగా లెక్కించాలి. 18 కాంబోలనూ ఇలా ఒక్కొక్కటిగా చూసి సగటు తీస్తే దాదాపు 12 శాతం.

చిన్న డ్రాల మీద: కళావర్ 8–7నే తీసుకుందాం. దాన్ని గెలిపించే ముక్కలు ఎనిమిది కళావర్లు (కళావర్ జాకీ రాబీ దగ్గర ఉంది, లేకపోతే తొమ్మిది), కళావర్ కాని జాకీలు మూడు, 6లు మూడు, 8లు మూడు, 7లు మూడు. మొత్తం 20. మిగిలిన 24 రాబీవి. 44లో 24 అంటే 54.5 శాతం. డైమండ్ 8–7 అయితే ఫ్లష్ డ్రా లేదు, అక్కడ రాబీకి 31 ముక్కలు, 70 శాతం. ఏడు కాంబోల సగటు దాదాపు 63 శాతం.

లెక్కపెట్టేటప్పుడు ఒకే ముక్కను రెండుసార్లు వేయడం మామూలుగా జరిగే పొరపాటు. కళావర్ 6 ఫ్లష్‌కూ పనికొస్తుంది, స్ట్రెయిట్‌కూ పనికొస్తుంది, కానీ ముక్క ఒకటే. ముందు రంగు ముక్కలన్నీ రాసి, తర్వాత ఆ రంగు కానివి మాత్రమే చేర్చే అలవాటు చేసుకుంటే ఈ తప్పు రాదు.

ఆరో అంచె: అన్నీ కలిపి తీర్పు

25 × 0, 18 × 0.12, 7 × 0.63. కూడి 50తో భాగిస్తే దాదాపు 13 శాతం. కావాల్సింది 40.5.

డబ్బుల్లో చెప్పాలంటే, 2,69,000లో 13.1 శాతం 35,000 పైచిలుకు. పెట్టింది 1,09,000. ఈ రేంజ్ (ఎదుటివారి దగ్గర ఉండగల చేతుల జాబితా) మీద ఇలాంటి కాల్ సగటున దాదాపు 74,000 డాలర్ల నష్టం.

ఇప్పుడు కొట్టేసిన గీత దగ్గరికి వెళ్లి గారెట్ ముక్కలు మళ్లీ చదవండి. ఆయన చేతిలో ఉన్న ఆ ఒక్క చేతి మీద రాబీకి 54.5 శాతం ఉంది. ఆ చేతి మీద కాల్ లాభమే: 2,69,000లో 54.5 శాతం లక్షా 46 వేలకు పైన, పెట్టింది 1,09,000. '54 శాతం ఉన్నప్పుడు కాల్ తప్పెలా అవుతుంది?' అనే వాదన ఇక్కడే పుట్టింది. 50 కాంబోల్లో ఏడే అనుకూలంగా ఉన్నచోట ఆ ఏడింటిలో ఒకటి తగిలింది. ఫలితం కాల్‌ను సమర్థించదు. అలాగే ఇంత అరుదైన కాల్ గెలిచింది కాబట్టి ఏదో జరిగే ఉంటుందన్న వాదనకు కూడా ఈ లెక్కలో ఆధారం లేదు. నిర్ణయం బలహీనమైనదని మాత్రమే లెక్క చెప్పగలదు. ఎందుకు అలా నిర్ణయించారో అది చెప్పలేదు.

రివర్ రెండుసార్లు వేశారు, ఒక్కోదానికి సగం పాట్: ఒకసారి డైమండ్ 9, రెండోసారి ఇస్పేట్ ఆసు. రెండూ రాబీకే వచ్చాయి. దాన్నీ అద్భుతంగా చూడక్కర్లేదు. 24/44 × 23/43 అంటే 29 శాతం. మూడున్నర సార్లలో ఒకసారి జరిగేదే. రెండుసార్లు వేయడం వల్ల ఒడిదుడుకులు తగ్గుతాయి, సగటు లాభనష్టాలు మారవు. కాబట్టి విశ్లేషణలో దానికి చోటు లేదు.

ఏడో అంచె: మీ అంచనాను మీరే పడగొట్టి చూడటం

ఒక్క రేంజ్‌తో వచ్చిన జవాబును నమ్మకూడదు. బలమైన చేతులను 25 నుంచి 12కు తగ్గించండి. పెద్ద డ్రాలను సగం చేయండి. చిన్న డ్రాలన్నీ ఉంచండి. రాబీ వాటా 20 శాతానికి చేరదు. బలమైనవి ఐదు, పెద్ద డ్రాలు ఐదు, చిన్నవి ఏడు అని గారెట్‌ను దూకుడుకు పర్యాయంగా మార్చేయండి. అప్పుడూ 30 శాతం లోపే. తిరగేసి అడిగితే, చిన్న డ్రాల వాటా 60 శాతం దాటితే తప్ప ఈ కాల్ నిలబడదు. ఏ ఊహ మార్చినా తీర్పు మారకపోతే ఆ తీర్పును గట్టిదని నమ్మొచ్చు. చిన్న మార్పుకే తలకిందులైతే, 'దగ్గరి నిర్ణయం' అని రాసి వదిలేయాలి.

మరి ఎదుటివారి ముఖం, చేతుల కదలిక చూసి 'బ్లఫ్' అని పసిగట్టి ఉండవచ్చు కదా? ఉండవచ్చు. దానికీ కొలత ఉంది. మన జాబితాలో చిన్న డ్రాలకూ మిగతావాటికీ నిష్పత్తి 7:43. అది 60:40కి రావాలంటే దాదాపు తొమ్మిది రెట్లు మారాలి. అంటే ఆ సంకేతం మిగతా చేతులతో పోలిస్తే చిన్న డ్రా ఉన్నప్పుడే తొమ్మిది రెట్లు ఎక్కువగా కనిపించేదై ఉండాలి. పైగా అది 'బలహీనంగా ఉన్నాడు' అని చెబితే చాలదు, 'జాకీ కంటే బలహీనంగా ఉన్నాడు' అని చెప్పాలి. కళావర్ ఆసు–5 పట్టుకుని బ్లఫ్ చేస్తున్నవాడు కూడా బ్లఫే చేస్తున్నాడు, కానీ అతని ముందు జాకీ ఓడిపోతుంది. ఈ చేతి గురించి జరిగిన చర్చల్లో చాలావరకు ఈ తేడా మరుగునపడింది. బ్లఫ్ పట్టుకోవాలంటే బ్లఫ్‌ను కొట్టే ముక్క చేతిలో ఉండాలి.

ఎనిమిదో అంచె: బ్లాకర్లు

బ్లాకర్ అంటే మన చేతిలో ఉండి, ఎదుటివారి దగ్గర కొన్ని చేతులు లేకుండా చేసే ముక్క. కళావర్ జాకీ రాబీ దగ్గర ఉండటం మంచిదా? చాలామంది మంచిదే అంటారు. రేంజ్ పరంగా చూస్తే చెడ్డది. అది కళావర్ ఆసు–జాకీ, రాజు–జాకీ, రాణి–జాకీ, జాకీ–8లను గారెట్ దగ్గర లేకుండా చేస్తుంది. ఇవన్నీ డ్రాలు. ఎదుటివారు బ్లఫ్ చేస్తున్నారని ఆశపడి కాల్ చేసేటప్పుడు, ఆ బ్లఫ్ ముక్కలే మన చేతిలో ఉంటే మిగిలేవి బలమైన చేతులే. కళావర్ ముక్క లేని చేయి బ్లఫ్ పట్టుకోవడానికి దీనికంటే నయం. ఆఠీన్ 4 వల్ల చెప్పుకోదగ్గ ఉపయోగం ఏమీ లేదు.

అసలు 8–7 మీద మాత్రం ఆ జాకీ గారెట్ గెలుపు ముక్కల్లో ఒకటి తీసేసింది. ఒకే ముక్క రేంజ్ మీద నష్టం చేసి, ఒక్క చేతి మీద లాభం చేస్తుంది. ఎదుటి చేయి తెలిశాక బ్లాకర్ల గురించి మాట్లాడితే ఈ రెండూ కలిసిపోతాయి.

తొమ్మిదో అంచె: జాకీ–3 అనుకుని ఉంటే

ఇప్పుడు రాబీ చెప్పిన చేతితో లెక్క మళ్లీ వేయండి: కళావర్ జాకీ, డైమండ్ 3. మూడుల జతకు మూడు బదులు ఒకే కాంబో మిగులుతుంది కాబట్టి బలమైనవి 23. డ్రాలు 25లో కళావర్ ఆసు–3 తప్ప అన్నిటి మీదా ఈ చేయి ముందుంది. మొత్తం 48.

ఒక ఉచ్చు: రివర్ మీద 9 వస్తే బోర్డు మీదే పదులు, తొమ్మిదులు రెండు జతలవుతాయి, చేతిలోని 3ల జతకు విలువ పోతుంది. అప్పుడు ఆసు, రాజు, రాణి ఉన్నవాళ్లు జాకీని దాటేస్తారు. దీన్ని మరిచిపోతే ఈక్విటీ ఎక్కువగా కనిపిస్తుంది. దాన్నీ కలుపుకుంటే పెద్ద డ్రాల మీద 59 శాతం, చిన్న డ్రాల మీద 64 శాతం. మొత్తం మీద 31 శాతం చిల్లర.

40.5కి ఇదీ చాలదు. కానీ 13కూ 31కీ మధ్య తేడా చూడండి. జాకీ–3తో, బలమైన చేతులు 23 నుంచి 12కు తగ్గితే కాల్ సరిపోతుంది. అంటే గారెట్ డ్రాలతో మరీ ఎక్కువగా ఆల్ ఇన్ అంటారని గట్టిగా నమ్మే ఆటగాడు చేయదగిన కాల్ అది. నష్టం వచ్చే కాలే కావచ్చు, అర్థం లేని కాల్ కాదు. జాకీ–4తో ఏ సహేతుకమైన ఊహతోనూ ఆ స్థితికి రాలేం.

పదో అంచె: ఒక రౌండ్ వెనక్కి

అందరి కళ్లూ 1,09,000 మీదే ఉంటాయి. మా అంచనాలో మరింత చర్చించాల్సింది దానికి ముందు జరిగిన 10,000 రైజ్.

ఫ్లాప్ కాల్‌తో మొదలుపెడితే, 2,500 పెట్టి 11,000 పాట్ చూడటానికి 23 శాతం కావాలి. జాకీ ముక్కతో వెనక తలుపు స్ట్రెయిట్, వెనక తలుపు ఫ్లష్ (టర్న్, రివర్ రెండూ కలిసొస్తేనే పూర్తయ్యేవి) అవకాశాలు ఉన్నాయి. వదులైన కాల్, అంతే.

టర్న్ రైజ్ సంగతి వేరు. 10,000ను 20,000 చేస్తే గారెట్ ఇంకా 10,000 పెట్టి 51,000 పాట్ చూడొచ్చు. ఆయనకు కావాల్సింది 20 శాతం లోపే. ఈ ధరకు ఏ డ్రా మడవదు (ఫోల్డ్ చేయదు), ఏ పది మడవదు. మడిచే చేతులు లేనప్పుడు జాకీతో రైజ్ బ్లఫ్‌గా పనిచేయదు. మంచి చేయి కాదు కాబట్టి విలువ కోసం, అంటే బలహీన చేతుల నుంచి డబ్బు రాబట్టడానికి, చేసినట్టూ కాదు. పైగా ఎదుటివారికి ఆల్ ఇన్ అనే అవకాశం మళ్లీ తెరుస్తుంది. నిజంగా బ్లఫ్ చేయాలనుకుంటే 35,000–40,000 దాకా వెళ్లాలి. లేదంటే 10,000 దగ్గరే మడిచేయాలి.

ఆల్ ఇన్ వచ్చాక అన్నిటికీ కాల్ చేయకపోతే గారెట్ దోచుకుంటారేమో అన్న భయానికీ ఒక లెక్క ఉంది. ఆయన ఇంకా పెట్టింది 1,19,000, అప్పటికి పాట్‌లో 41,000. 41ని 160తో భాగిస్తే 26 శాతం. రాబీ తన రైజ్ చేతుల్లో పైనున్న నాలుగో వంతుతో కాల్ చేస్తే చాలు. పదులు, ఫుల్ హౌస్‌లు ఉండే ఆ నాలుగో వంతులో జాకీ–4కు చోటు దొరకదు.

గారెట్ ఆల్ ఇన్‌కూ ఇదే పరీక్ష పెట్టాలి, లేకపోతే విశ్లేషణ ఒక వైపుకే ఒరుగుతుంది. ఆసు–10 లాంటి చేయి కాల్ చేస్తే ఆయనకు 44లో 13 ముక్కలు పనికొస్తాయి. కళావర్ అయినా ఆసు, 3 ఎదుటివారికి ఫుల్ హౌస్ ఇస్తాయి కనుక వాటిని తీసేయాలి. 30 శాతం. కాల్ వచ్చినప్పుడు 2,69,000లో 30 శాతం పోను సగటు నష్టం దాదాపు 39,500. రాబీ మడిస్తే లాభం 41,000. కాబట్టి దాదాపు సగం సార్లు మడిస్తేనే ఆల్ ఇన్ లాభసాటి. మరోవైపు కేవలం 10,000తో రివర్ చూసే అవకాశం ఉంది, వెనక ఇంకా 1,09,000 ఉంది, డ్రా తగిలితే అది దక్కే వీలుంది. కనీస రైజ్ చేసేవాళ్లు సగం సార్లు మడుస్తారన్న నమ్మకం లేనప్పుడు, కాల్ చేయడమే మేలైన దారి అని మా అభిప్రాయం.

చివరి అంచె: యంత్రంతో సరిచూసుకోవడం

కాగితం లెక్క అయ్యాకే సాఫ్ట్‌వేర్ తెరవండి. ఈక్విటీ కాలిక్యులేటర్‌లో మూడు గుంపులనూ విడివిడిగా ఇవ్వండి, కలిపి ఇస్తే ఎక్కడ తప్పు జరిగిందో కనిపించదు. సున్నా, 12, 63 దగ్గర వస్తే మీ లెక్క సరైనదే. పెద్ద డ్రాల దగ్గర తేడా వస్తే జాకీ–8 సమానాలను చూడండి, ఎక్కువగా తప్పు అక్కడే ఉంటుంది.

పయోసాల్వర్, జీటీఓ విజార్డ్ లాంటి సాల్వర్లు (సమతూకమైన ఆటను లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) వాడితే టర్న్ నుంచి మొదలుపెట్టి పాట్ 11,000, స్టాక్ 1,29,000 ఇవ్వండి. రైజ్ సైజుల్లో 20,000ను తప్పకుండా చేర్చండి, చేర్చకపోతే సాల్వర్ అసలు ఈ చేతినే చూడదు. రాబీ రేంజ్‌లో జాకీ–4 వేర్వేరు రంగుల చేయి కూడా ఉండాలి, మామూలు రేంజ్‌ల్లో అది ఫ్లాప్‌కే రాదు. సాల్వర్ ఇద్దరూ సమతూకంగా ఆడతారని అనుకుంటుంది కాబట్టి అది చెప్పే శాతాలను అలాగే ఎత్తి రాయకండి. పదో అంచెలోని కనీస రైజ్‌ను అది ఏ చేతులతో చేస్తుందో చూడండి.

ఫైల్‌లో నమోదు చేసుకునేటప్పుడు ప్రతి నిర్ణయం ఎదురుగా మూడు గడులు పెట్టండి: కావాల్సిన శాతం, వచ్చిన శాతం, తీర్పు మారాలంటే ఏ ఊహ ఎంత మారాలి. ఈ చేతికి అవి ఇలా ఉంటాయి. జాకీ–4 కాల్: 40.5, 13, చిన్న డ్రాలు 60 శాతం కావాలి. జాకీ–3 అనుకుని కాల్: 40.5, 31, బలమైన చేతులు సగానికి తగ్గాలి. గారెట్ ఆల్ ఇన్: మడిచే శాతం 49 కావాలి, వచ్చిన శాతం గడి ఖాళీ, ఎందుకంటే అది రాబీ రైజ్ చేసే చేతులు తెలిస్తేనే నిండుతుంది. పాట్ ఎవరు గెలిచారన్న గడి ఈ ఫైల్‌లో అవసరం లేదు.